బండి నాపు విద్య



యంత్రముల సంగతి పురుషుల పనియనియు, మనము దానిలో తలదూర్పనక్కఱలేదనియు నేనును చాలకాలము తలంచినదాననే. మా తండ్రిగారు చిన్ననాట నాకు ఇంటివద్దనే భారత భాగవతములు చెప్పిరి గాని స్క్రూడ్రైవరు పట్టుట చెప్పలేదు. మావారు బడిపంతులు, వారికిని సుద్దముక్కతో గల చనువు పానాతో లేదు. అట్టి నేను ఒక చిన్న విహారశకటము యొక్క మీటలను గూర్చియు, తీగలను గూర్చియు మీకు వ్రాయబూనుట వింతగా దోపవచ్చును. గడచిన వేసవిలో మా యింట జరిగిన సంగతి విన్నచో ఆ వింత మిగులదు.

మాది బాపట్లకు చేరువనున్న సముద్రతీరపు గ్రామము. సెలవుదినములలో వచ్చు యాత్రికులకు అద్దెకిచ్చుటకై మా మఱది నాలుగు చక్రముల చిన్న మోటారుబండ్లను మూడింటిని కొని యుంచినాడు. లావైన టైర్లును, సైకిలునకు వలె హ్యాండిలును, గుఱ్ఱముమీద వలె కాళ్లు చెఱియొక ప్రక్కకు వేసి కూర్చుండు ఆసనమును గల యీ బండిని ఏటీవీ యందురు. దీనికి ఇసుకయు, గతుకులును లెక్కలేదు. మూడింటిలో రెండు పెద్దవారికి, ఒకటి పిల్లలకు.

పిల్లలబండి వెనుక ఎఱ్ఱని త్రాడొకటి వ్రేలాడుచుండును. బిడ్డ నడపుచుండగా పెద్దవారు ఆ త్రాటికొన పట్టుకొని వెంట నడువవలయును. త్రాటిని లాగినచో దాని మొదట నున్న బిరడా ఊడి, ఇంజను తత్క్షణమే ఆగిపోవును. హ్యాండిలుమీద బిడ్డ బొటనవ్రేలికి అందుచోట ఎఱ్ఱని బొత్తామొకటి యుండును. దానిని నొక్కినను ఆగును. ఇవిగాక తాళపుచెవి యుండనే యున్నది. ఒక బండి నాపుటకు ఇన్ని ఉపాయములేలనని నేను మొదట నవ్వుకొంటిని.

మే నెలలో ఒక ఆదివారము ఉదయమున ఆ పిల్లలబండి మొరాయించినది. స్టార్టరు తిరుగుచున్నది గాని ఇంజను అందుకొనుట లేదు. ఒడ్డున పిల్లలతో జనము కాచుకొని యున్నారు. ప్రక్కయూరినుండి వచ్చిన మెకానిక్కు పావుగంట అటునిటు చూచి, హ్యాండిలు వెనుకనున్న తీగలలో రెంటిని త్రెంచి, కొనలకు నల్లని టేపు చుట్టి, స్టార్టరు నొక్కెను. ఇంజను వెంటనే అందుకొన్నది. “ఈ స్విచ్చిలే తెగులు. తాళము త్రిప్పిన ఆగునుగదా, ఇవి లేకున్న నేమి?” అని యాతడనెను. మా మఱది నా వంక చూచి “ఏమి చేయుదము వదినా?” అని యడిగెను. నేను పద్దుపుస్తకమును, డబ్బుపెట్టెను ఒడిలో పెట్టుకొని కూర్చుంటిని. “ఎట్లో నడచిన చాలును, జనము వెడలిపోవుచున్నారు” అంటిని. ఆ మాట నాది. దానిని మఱియొకరిమీద మోపను.

మూడవనాటి సాయంకాలము జనము పలుచబడిన పిదప మా తొమ్మిదేండ్ల అమ్మాయి ఒక్కచుట్టు తిరుగుదునని మారాము చేసినది. తలకు హెల్మెట్టు పెట్టి, త్రాడు పట్టుకొని మా మఱది వెంట నడచెను. నాలుగు బారలు పోవునప్పటికి బండి వేగమందుకొన్నది. అమ్మాయి వేగపుమీటమీదనుండి వ్రేలు తీసినది. మీట వెనుకకు రాలేదు. “లాగు, లాగు!” అని నేను కేకవేసితిని. మా మఱది త్రాటిని లాగెను. బిరడాతో సహా త్రాడు అతనిచేతికి వచ్చినది. బండి ఆగలేదు. అది అట్లే పోయి సరుగుడుతోట అంచున ఒక మోడునకు తగిలి ఒరిగినది. బిడ్డ ఎడమచేతి ముంజేతియెముక విఱిగినది. తలకు దెబ్బ తగులకుండ హెల్మెట్టు కాపాడినది.

ఆసుపత్రిలో పిండికట్టు కట్టుచుండగా అది ఏడ్చుచు నాతో చెప్పిన మాట యిది: “అమ్మా, నేను ఎఱ్ఱబొత్తాము నొక్కితినే. బాబాయి చెప్పినట్లే నొక్కితిని. అది వినలేదు.”

ఆ రాత్రి వరండాలో కూర్చుండగా నాకు సౌప్తికపర్వమునందలి అశ్వత్థామ కథ మనసున మెదలినది. బ్రహ్మశిరోనామకాస్త్రమును అశ్వత్థామయు విడిచెను, అర్జునుడును విడిచెను. వ్యాస నారదులు అడ్డువచ్చి వలదనగా అర్జునుడు తన యస్త్రమును ఉపసంహరించెను. అశ్వత్థామకు ప్రయోగము తెలియును గాని ఉపసంహారము చేతగాదు. ఆ యస్త్రము కడకు ఉత్తరగర్భమునందలి శిశువును దాకినది. విడుచుట మాత్రమే తెలిసినవాని అస్త్రము పసిబిడ్డను వెదకికొని పోయినదను మాట చిన్ననాడు నాకు కథగా నుండెను. ఆ రాత్రి కథగా లేదు.

వారము గడచిన పిదప మా మఱదియు నేనును ఆ బండిని పెరటిలో పెట్టి, టేపు విప్పి, తయారీదారుని పుస్తకము ముందుంచుకొని కూర్చుంటిమి. ఆంగ్లమున నున్న దానిని మావారు చదివి అర్థము చెప్పిరి. అసలు తెగులేమో అరగంటలో తేలినది. త్రాడు తగిలించు స్విచ్చిలో, బిరడా పెట్టినపుడు లోనికి అణగి, బిరడా తీసినపుడు స్ప్రింగు బలముచే పైకి లేచు చిన్నపుల్ల యొకటి కలదు. అది పైకి లేచినపుడు ఇంజను ఆగవలయును. సన్నని ఇసుకయు, ఉప్పుగాలికి పట్టిన చిలుమును చేరి ఆ పుల్ల పూర్తిగా అణగుట మానినది. బిరడా పెట్టియున్నను ‘బిరడా ఊడినది’ అని స్విచ్చి చెప్పుచుండెను. ఇంజను ఆ మాట విని మండకుండెను. ఈ తెగులునకు మందు ఒక మెత్తని కుంచె, విద్యుత్తు తగులుచోట్లను శుభ్రపఱచుటకు అంగళ్లలో దొరకు స్ప్రే, పది నిమిషముల ఓపిక. మేము ఆ పది నిమిషములకు బదులుగా రెండు తీగలు త్రెంపించితిమి.

తీగలు త్రెంచిన నేమగునో తెలియుటకు ముందు స్విచ్చి చేయు పనిని తెలిసికొనవలయును. ఇంజను మండుటకు ప్లగ్గుయొద్ద నిప్పురవ్వ పుట్టవలయును. ఆ రవ్వకు వలయు విద్యుత్తును అదను చూచి పంపు చిన్న నల్లని పెట్టెను సీడీఐ యందురు. ఆ విద్యుత్తును పొలమునకు పాఱు కాలువనీరని యనుకొనుడు. పొలమునకు నీరు పాఱకుండ జేయుటకు రెండు మార్గములు గలవు. కాలువకట్టకు గండి కొట్టి నీటిని మురుగుకాలువలోనికి మళ్లించుట యొకటి. తూము మూయుట రెండవది.

ఆపు స్విచ్చిలును ఇట్లే రెండు జాతులు. మొదటిది గండి కొట్టునది. బండి నడచుచుండగా దానిలోని రెండు లోహపు ముఖములు విడివిడిగా నుండును. ఆపగోరినపుడు అవి కలిసి, విద్యుత్తును బండి చట్రములోనికి మళ్లించును. ప్లగ్గునకు రవ్వ యుండదు. సీడీఐ పెట్టెగల చిన్నబండ్లలో తఱచుగా నుండునది యిదియే. రెండవది తూమువంటిది. నడచునపుడు ముఖములు కలిసియుండును; ఆపునపుడు విడిపోయి విద్యుత్తు రాక నిలిచిపోవును.

ఇక తీగ తెగినచో ఏమగునో యోచింపుడు. తూము జాతిలో తీగ తెగిన, తూము మూసికొన్నట్లే. బండి తనంతట ఆగిపోవును. మనకు విసుగు గలుగును గాని ప్రాణభయము లేదు. గండి జాతిలో తీగ తెగిన, గండి కొట్టు పలుగు మనచేతినుండి జాఱిపోయినట్లే. బండి చక్కగా నడచును, ఎప్పటికంటె ఎక్కువ బుద్ధిగా నడచును, ఆపబోయినపుడు మాత్రము ఆగదు. మా బండి తీగలు ఈ జాతివి. తాళపుచెవి తీగ వేఱుగా నుండుటచే తాళము త్రిప్పిన ఆగుచునే యుండెను. అందుచే మూడుదినములు మాకెవరికిని అనుమానము పుట్టలేదు. ఆ తాళమో, హ్యాండిలునకు దిగువగా, పరుగెత్తుబండిమీద చిన్నబిడ్డ చేయి విడిచి వెదకవలసినచోట నున్నది.

ఈ బండ్లు గలవారును, సెలవులకు పోయి పిల్లలను వాటిమీద కూర్చుండబెట్టువారును తెలిసికొనవలసిన పరీక్షలను మేము నేర్చిన వరుసనే చెప్పెదను.

ముందుగా కొన్ని జాగ్రత్తలు. బండిని సమతలమున నిలిపి, గేరు న్యూట్రలులో నుంచి, వెనుకచక్రములు నేలకు తగులకుండ చట్రముక్రింద గట్టి దిమ్మెల నుంచవలయును. కొంగు నడుమున బిగించుకొని, జడ ముడిచి, లోహపుగాజులు తీసివేయవలయును. కొంగు గొలుసులో చిక్కుకొనుటయు, గాజు బ్యాటరీకి తగులుటయు రెండును ప్రమాదములే. మూసిన గదిలో ఇంజను నడపరాదు. దాని పొగలో వాసనలేని విషవాయువు కలదు.

మొదటి ప్రశ్న: స్టార్టరు తిరుగుచున్నదా లేదా? అసలు తిరుగకున్నచో ఆపు స్విచ్చిలమీదికి పోకముందు బ్యాటరీని చూడుడు. విశ్రాంతిగా నున్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగా నున్నచో మల్టీమీటరుమీద 12.6 వోల్టుల చేరువలో చూపును. 12కు దిగినచో అది నీరసించినది. తరువాత ఫ్యూజు. తరువాత బ్రేకు. చాలబండ్లలో బ్రేకు పట్టుకొననిదే స్టార్టరు తిరుగదు. బ్రేకుమీటక్రింద నున్న చిన్నస్విచ్చి ఆ సంగతిని కనిపెట్టుచుండును. గేరు న్యూట్రలులో లేకున్నను కొన్ని బండ్లు కదలవు. ఇవన్నియు బండి యొక్కసారిగా ముందుకు దుముకకుండుటకై పెట్టిన కాపలాలు.

రెండవ ప్రశ్న: స్టార్టరు తిరుగుచున్నను ఇంజను అందుకొనుట లేదా? ఎఱ్ఱబొత్తాము ఆపుస్థితిలో నున్నదేమో చూడుడు. ఎక్కునపుడు మోచేయి తగిలి అది మాఱుట సర్వసాధారణము. ఈ చిన్నకారణమునకు గంటలకొలది తల బ్రద్దలుకొట్టుకొన్నవారు కలరు. త్రాటిబిరడా పూర్తిగా కూర్చున్నదా? పెట్రోలుకుళాయి తెఱచియున్నదా? ఇవి సరిగా నున్నచో అప్పుడు రవ్వను పరీక్షింపవలయును. ప్లగ్గును ఊడదీసి, దాని టోపీలో మరల గ్రుచ్చి, ప్లగ్గు లోహభాగము ఇంజను లోహమునకు ఆనునట్లు పెట్టి, ప్లగ్గు రంధ్రమును పొడిగుడ్డతో మూసి, దూరముగా నుండి స్టార్టరు త్రిప్పవలయును. ప్లగ్గును చేత పట్టుకొనరాదు. ఆ విద్యుత్తు వేలకొలది వోల్టులది. చుట్టుప్రక్కల పెట్రోలుచుక్క యుండరాదు. చక్కని నీలిరవ్వ కనబడినచో స్విచ్చిలు నిర్దోషులు. తెగులు పెట్రోలులోనో గాలిలోనో యున్నది. రవ్వ లేనిచో స్విచ్చిల విచారణ మొదలిడవలయును.

విచారణకు ముందు తాళము తీసివేసి, స్విచ్చితీగల కూడలిని విప్పవలయును. ఇంజను తిరుగుచుండగా సీడీఐ తీగలను మీటరుతో తాకిన మీటరు చెడిపోవచ్చును, చేతికిని తగులవచ్చును. విప్పినపిదప మీటరును తీగ తెగినదా కలిసినదా చెప్పు గుర్తుమీద నుంచి, స్విచ్చివైపు తీగలకు ముళ్లు తాకించుడు. గండిజాతి స్విచ్చియైనచో, నడచుస్థితిలో మీటరు పలుకరాదు, ఆపుస్థితిలో పలుకవలయును. తూముజాతియైనచో దీనికి తాఱుమాఱు. మీ బండి ఏ జాతిదో దాని పుస్తకములోని తీగలపటము చెప్పును, ఊహించి చేయరాదు. మీటరు పట్టుకొని యుండగనే హ్యాండిలును కుడిచివరకును, ఎడమచివరకును మెల్లగా త్రిప్పుడు. త్రిప్పినపుడు మాత్రము మాట మార్చినచో, తీగ హ్యాండిలు మెడయొద్ద రాపిడికి ఒలిచికొనిపోయినదో, లోలోపల విఱిగినదో యని గ్రహింపుడు. అప్పుడప్పుడు మాత్రమే ఆగిపోవు బండి తెగులు తఱచుగా అచ్చటనే దాగియుండును.

గండిజాతి బండిలో ఆపుతీగ కూడలిని విప్పి మరల రవ్వను పరీక్షించుట కలదు. విప్పినపుడు రవ్వ వచ్చినచో దోషము స్విచ్చిలోనో దాని తీగలోనో యున్నది. అప్పటికిని రాకున్నచో సీడీఐ పెట్టె, కాయిలు, ప్లగ్గుటోపీ వీనిలో ఒకటి చెడినది. అది నిపుణుని పని. మా మెకానిక్కు చేసినదియు ఒకవిధముగా ఈ పరీక్షయే. పరీక్షగా అది తప్పు గాదు. దానిని అక్కడ ఆపక, అదియే చికిత్సయని బండిని ఒడ్డుకు పంపుట తప్పు. పరీక్షకు విప్పుట వేఱు, ప్రయాణమునకు విప్పుట వేఱు. విప్పినది మరల బిగించువఱకు ఆ బండిమీద ఎవరును ఎక్కరాదు.

దోషము దొరకిన పిమ్మట శుభ్రపఱచి, పూర్తిగా ఆరనిచ్చి, కూడలులలో నీరు చొరకుండ కాపాడు విద్యుత్ గ్రీజును కొద్దిగా పూయవలయును. అరిగిపోయిన స్విచ్చిని మార్చుటయే మేలు. సముద్రపుటొడ్డున బండిని నీటిజోరుతో కడుగుట మేమిపుడు మానితిమి; ఆ జోరు ఉప్పును కడుగుటతోపాటు నీటిని స్విచ్చిలలోనికి త్రోయును. మంచినీటిని మెల్లగా పోసి తుడుచుచున్నాము.

మూడవ ప్రశ్న: ఇంజను అందుకొని, వేగపుమీటను విడువగానే చచ్చిపోవుచున్నదా? మా పెద్దబండ్లలో నొకదానికి ఈ తెగులు వచ్చినది. దాని కారణము తెలిసికొన్నపుడు నాకు ఆ స్విచ్చి నిర్మించిన బుద్ధిమంతులకు నమస్కరింపవలెనని తోచినది. వేగపుమీటకును కార్బ్యురేటరులోని తలుపునకును నడుమ ఒక ఉక్కుతీగ యుండును. మీటను నొక్కిన తలుపు తెఱచుకొనును. విడిచిన స్ప్రింగు తలుపును మూసి, తీగను బిగువుగా లాగి, మీటను స్వస్థానమునకు తెచ్చును. తలుపు ఎచ్చటనైన ఇఱుకుకొనినచో, వ్రేలు తీసినను ఇంజను వేగము తగ్గదు. తీగ మాత్రము వదులగును. ఆ వదులును కనిపెట్టుటకే కొన్ని బండ్లలో మీటడిప్పలోపల ఒక చిన్నస్విచ్చి యుంచుదురు. తీగ బిగువుగా నున్నంతకాలము అది అణగియుండును. వదులైనతోడనే పైకి లేచి రవ్వను ఆపును. చలిదేశములలో మంచుమీద నడచు స్నోమొబైలుబండ్లకు ఇట్టి స్విచ్చి మిక్కిలి ఆవశ్యకము. అచ్చట కార్బ్యురేటరులో మంచుగడ్డ కట్టి తలుపు ఇఱుకుకొనుట కలదు. అచ్చట మంచు చేయు పనిని ఇచ్చట ఇసుక చేయును.

ఈ స్విచ్చి గల బండిలో తీగ సాగి వదులైనచో, తలుపు సరిగా మూసికొన్నను ‘ఇఱుకుకొన్నది’ అని స్విచ్చి భ్రమపడి ఇంజనును ఆపివేయును. అప్పుడు చేయవలసినది స్విచ్చిని త్రెంచుట గాదు. తీగ వదులును సరిదిద్దుట. మీట కదలిక మొదలిడినప్పటినుండి తలుపు కదలువఱకు కొంచెము ఖాళీ యుండవలయును. అది యెంతయో బండి పుస్తకమున మిల్లీమీటర్లలో వ్రాసియుండును. డిప్పప్రక్కనున్న మఱను త్రిప్పి ఆ కొలతకు తెచ్చి, నట్టును బిగించినచో తెగులు పోవును. మా బండికి కావలసినది అంతియే. పిల్లలబండికి ఇట్టి స్విచ్చి లేదు. దాని తీగ పైతొడుగు మీటయొద్ద పగిలి, ఇసుక లోనికి పోయి, తీగ బిగిసినది. ఇంజను ఆపియుంచి, మీటను పూర్తిగా నొక్కి విడిచినపుడు అది టక్కున వెనుకకు రావలయును. హ్యాండిలు నడుమ నున్నపుడును, కుడికి త్రిప్పినపుడును, ఎడమకు త్రిప్పినపుడును రావలయును. ఈ క్షణకాలపు పరీక్షను ఆనాడు చేసియుండిన బిగిసిన తీగ సంగతి ముందే తెలిసియుండెడిది.

నాలుగవ ప్రశ్న ఎవరును అడుగరు: బండి ఆగుచున్నదా? ఇదియే అన్నింటికంటె పెద్దది. నడువని బండి వలన ఒకపూట అద్దె పోవును. ఆగని బండిని క్షణమైనను వాడుకలో నుంచరాదు.

ఈ బండ్ల చరిత్రమును విచారించినచో లోకము ఈ పాఠమును ఎంతవెల పెట్టి నేర్చినదో తెలియును. 1970లో హోండావారు అమెరికాలో మూడు చక్రముల ఏటీవీని అమ్మకమునకు తెచ్చిరి. 1980వ దశకములో ప్రమాదములు పెచ్చుపెరిగి, 1988లో అచ్చటి ప్రభుత్వమునకును తయారీదారులకును న్యాయస్థానమున కుదిరిన ఒడంబడికచే మూడు చక్రముల క్రొత్తబండ్ల అమ్మకము నిలిచిపోయినది. 2008లో చేసిన చట్టముచే అచ్చట అమ్ము నాలుగు చక్రముల బండ్లకు భద్రతాప్రమాణములు తప్పనిసరి యైనవి. ఆరేండ్లు, పదేండ్లు, పండ్రెండేండ్లు నిండినవారికని పిల్లలబండ్లను తరగతులుగా విభజించి, పెద్దబండ్లు పదునాఱేండ్లు నిండినవారికే యని అచ్చట నియమము. అమెరికాలోని శిశువైద్యుల సంఘమైతే పదునాఱేండ్లలోపువారిని ఏ ఏటీవీనైనను నడుపనీయవలదనియే చెప్పుచున్నది. ఈ మాట నేను ముందు వినియుండలేదు. విన్నపిదప మా అమ్మాయిని మరల ఎక్కనీయలేదు; మా మఱదియు పిల్లలబండిని అద్దెకిచ్చుట మానివేసెను. కొంత ఆదాయము తగ్గినది. తగ్గనిమ్మని ఈసారియు నేనే అంటిని.

మీకు ఏటీవీ లేకపోవచ్చును. కాని ఇట్టి కాపలాస్విచ్చి మీ యింట నుండకపోదు. ప్రక్కస్టాండు వేసియుండగా అందుకొనని స్కూటర్లు ఇప్పుడు చాల వచ్చినవి. ఆ స్టాండుస్విచ్చికి బురద పట్టి బండి మొరాయించినపుడు దానిని తప్పించి తీగలు కలిపి యిచ్చువారు వీథివీథికి నున్నారు. మూత సరిగా కూర్చుండనిదే తిరుగని మిక్సీ, పిన్ను లాగిన ఆగిపోవు వ్యాయామయంత్రము, కుక్కరుమూతమీది భద్రతాబిళ్ల ఇట్టివే. ఇవి పనిని ఆపినపుడు మనకు కోపము వచ్చును. ఆ కోపములో మనము అడుగవలసిన ప్రశ్న ‘దీనిని ఎట్లు తప్పింతును?’ అనునది గాదు; ‘ఇది యేమి చూచి ఆపినది?’ అనునది.

ఆ మెకానిక్కును తరువాత ఒకనాడు సంతలో కలిసికొంటిని. నిందింపవలెనని పోలేదు, నిందలో సగపాలు నాదే. జరిగినది చెప్పగా ఆతడు చాలసేపు తలవంచుకొని నిలిచి, “నడిపించి యిమ్మని అడుగువారే గాని, ఆగునట్లు చేసి యిమ్మని అడిగినవారు ఇంతవఱకు లేరమ్మా” అనెను. ఇకమీదట మీరు మరమ్మతునుండి బండిని తెచ్చుకొనునపుడు ఈ యొక్కమాట అడుగుడు: “ఏ తీగనైన తప్పించితివా నాయనా? ఆపి చూపుము.” అంతమాత్రము అడుగుటకు యంత్రశాస్త్రము అక్కఱలేదు.

అమ్మాయి పిండికట్టు విప్పి చాలదినములైనది. చేయి చక్కగా నతికినది. ఇప్పుడు ప్రతిదినము ఉదయమున మా మఱది రెండు పెద్దబండ్లను వెలుపలికి తెచ్చి, ఎవరును ఎక్కకుండగనే ఒక్కొక్కదానిని నడిపించును. అది ప్రక్కన నేలమీద నిలిచి, బడికి పోవు సంచి భుజమున నుండగనే, చేయి చాచి ఎఱ్ఱబొత్తామును నొక్కును. ఇంజను ఆగును. అప్పుడు నా పద్దుపుస్తకములో ఆనాటి తేదీ ఎదుట ఒక గీత గీసి బడికి పోవును. ఆ గీత పడనిదే నేను డబ్బుపెట్టె తాళము తీయను.